తెర లేవకముందే

జనవరి, ఫిబ్రవరి వచ్చాయంటే బడుల్లో వార్షికోత్సవాల సందడి. ఆటస్థలంలో షామియానా లేస్తుంది, సౌండ్ బాక్సులు దిగుతాయి, పిల్లల బుగ్గలకు రోజ్‌పౌడరు పడుతుంది. సినిమా పాటలకు డ్యాన్సులు అరడజను అయ్యాక, ఇప్పుడు మన చిన్నారుల లఘు నాటిక అని మైకులో ప్రకటన వినిపిస్తుంది. తెర తీస్తారు. కిరీటం పెట్టుకుని రాజుగారు నిలబడి ఉంటారు. గొంతు మాత్రం ఆయనది కాదు. ముందే ఎక్కడో రికార్డు చేసి తెచ్చిన డైలాగులు స్పీకర్లలోంచి వస్తుంటే రాజు పెదాలు కదుపుతాడు, మంత్రి చెయ్యి ఊపుతాడు. ముందు వరసల్లో అమ్మానాన్నలు సెల్‌ఫోన్లు ఎత్తి వీడియో తీసుకుంటారు. ఎక్కడా తడబాటు ఉండదు. ఎవరూ మాట మరిచిపోరు. మరిచిపోవడానికి వాళ్ల నోటికి మాటంటూ ఇస్తేగా!

ఇందులో ఎవరి తప్పూ వెతకనక్కరలేదు. అంతమంది ముందు పిల్లలు తడబడితే పరువు పోతుందని టీచర్ల భయం. మైకు అందక మాట వినపడకపోతే జనం లేచిపోతారని యాజమాన్యం భయం. స్టేజీ మీద మా పాప బిక్కమొహం వేస్తే ఎలా అని తల్లి భయం. ఇన్ని భయాలకు లోబడి నాటిక సాఫీగా ముగుస్తుంది. దానివల్ల పిల్లలకు అందవలసింది మాత్రం అందదు. పిల్లల నాటకంలో విలువైనదంతా తెర లేవకముందే జరుగుతుంది. అంతకుముందు కొన్ని వారాలు, చివరి గంట కొట్టాక, వరండాలో జరిగే రిహార్సల్లో జరుగుతుంది.

అలాంటి వరండా ఒకటి ఊహించుకోండి. ప్రభుత్వ ఉన్నత పాఠశాల. ఏడో తరగతి పిల్లలు గ్రామసభ నాటిక వేస్తున్నారు. పింఛను ఆగిపోయిన ముసలమ్మ వేషం ఒక కుర్రాడికి వచ్చింది. నడుం వంచాడు, చేతికర్ర పట్టుకున్నాడు, వచ్చీ రావడంతోనే సర్పంచి మీద గట్టిగా అరిచాడు. అందరూ నవ్వారు. టీచరు ఆపి, ముసలమ్మ ఎందుకు అరుస్తోందని అడిగాడు. ‘కోపం సార్’ అన్నాడు కుర్రాడు. ‘ఎవరి మీద?’ అంటే జవాబు లేదు. పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న పిల్ల మెల్లగా అంది: ‘మా నాయనమ్మ కూడా అట్లనే అరుస్తది సార్. ఆమెకు చెవులు వినబడవు.’ కుర్రాడు కాసేపు ఆలోచించాడు. రెండోసారి వచ్చినప్పుడు అదే డైలాగు, అంతే గట్టిగా చెప్పాడు. కాకపోతే ఈసారి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, సర్పంచి పెదాల వంక చూస్తూ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ అయిదు నిమిషాల్లో జరిగిన చదువును లెక్కగట్టే పరీక్ష ఏదీ లేదు. కుర్రాడు ఒక మనిషి ప్రవర్తన వెనక కారణం ఉంటుందని తెలుసుకున్నాడు. గోడ దగ్గరి పిల్ల, తన ఇంట్లో రోజూ చూసే విషయం పదిమందికీ పనికొచ్చే తెలివని గ్రహించింది. ‘పెద్దవాళ్లను గౌరవించాలి’ అని నీతి పాఠంలో చదివి, ప్రశ్నకు జవాబు రాసి, రెండు మార్కులు తెచ్చుకున్న పిల్లలే వీళ్లంతా. ఆ వాక్యానికి ఒక ఒళ్లూ, ఒక గొంతూ ఉంటాయని తెలిసింది మాత్రం ఇక్కడే.

నాటకం పిల్లలకు మాట్లాడటం నేర్పుతుందని అందరూ అంటారు. నిజమే. అయితే అంతకన్నా ముందు వినడం నేర్పుతుంది. ఎదుటివాడి చివరి మాట పడగానే తన మాట అందుకోవాలి. అందుకోసం అతను చెప్పేదంతా చెవిన వేసుకుంటూ ఉండాలి. తన డైలాగు ఒక్కటే బట్టీపట్టి వచ్చినవాడు మొదటిరోజే దొరికిపోతాడు. అవతలివాడు రెండు వాక్యాలు మింగేస్తే కంగారుపడకుండా కథను ఒడ్డుకు చేర్చాలి. తన వంతు రాకముందు మాట్లాడకూడదు, వచ్చాక వెనకాడకూడదు. సభలో వాగేవాడి వెనక వరసలో నిలబడి, కదలకుండా, తానూ ఆ సభలో మనిషినేనని నమ్మించాలి. క్లాసులో నలభై అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లవాడు రిహార్సల్లో గంటసేపు తన వంతుకోసం కాచుకుని ఉండటం చూసి టీచర్లు ఆశ్చర్యపోతుంటారు. ఆశ్చర్యపోనక్కరలేదు. తాను లేకపోతే ఆట ఆగిపోతుందని అతనికి తెలుసు. క్లాసులో అలాంటి భరోసా అతనికి ఎవరూ ఇవ్వలేదు.

ఒళ్లు దగ్గర పెట్టుకోవడం అనే మాటకు రిహార్సల్లో వేరే విలువ వస్తుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిక్కరు జేబులు వెతుక్కునే వయసు అది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు తమ ఒళ్లే తమకు కొత్త. ఎత్తు పెరుగుతుంటారు, గొంతు మారుతుంటుంది, ఎవరు చూసినా సిగ్గే. ఆ వయసులో బండి లాగే ఎద్దుగానో, కోర్టు బంట్రోతుగానో నాలుగు అడుగులు వేయమంటే, తమ సిగ్గును కాసేపు ఆ పాత్రకు ఒప్పచెప్పి నడుస్తారు. ఎవరైనా నవ్వితే ఎద్దును చూసి నవ్వినట్టే, తమను చూసి కాదు. మాట నత్తిగా వచ్చే పిల్లలు, ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడాల్సి వచ్చి మధ్యలో మూగబోయిన పిల్లలు వేషం చాటున గొంతు విప్పడం వెనక రహస్యం ఇదే.

రష్యన్ మనోవైజ్ఞానికుడు లెవ్ వైగోత్‌స్కీ 1930లలోనే ఈ సంగతి గమనించాడు. ఉత్తుత్తి ఆటల్లో పిల్లలు తమ మామూలు వయసును మించి ప్రవర్తిస్తారనీ, ఆటలో నియమాన్ని తమంతట తాము పాటించడం ద్వారానే తమను తాము అదుపు చేసుకోవడం నేర్చుకుంటారనీ ఆయన వాదన. అమ్మ ఆట ఆడే అయిదేళ్ల పిల్ల బొమ్మను జోకొడుతూ, నిజం ఇంట్లో తాను చూపించని ఓపికంతా అక్కడ చూపిస్తుంది. నాటకం క్లాసు ఆ ఆటను కొంత పెద్ద వయసుదాకా కొనసాగనిస్తుంది. ‘పెద్దవాడివయ్యావు, ఇంకా ఆటలేమిటి’ అని మనం ఆపేసే చోట, కాదు ఆడమని అనుమతి ఇస్తుంది.

పరిశోధనల మాటకొస్తే, నాటకం నేర్చుకుంటే తెలివి పెరుగుతుందని ప్రకటించే కరపత్రాలను నమ్మనక్కరలేదు. కెనడాలోని టొరంటోలో గ్లెన్ షెలెన్‌బర్గ్ 144 మంది ఆరేళ్ల పిల్లలను నాలుగు జట్లు చేశాడు. ఒక జట్టుకు కీబోర్డు, ఒక జట్టుకు గాత్రం, ఒక జట్టుకు నాటకం నేర్పించారు. నాలుగో జట్టుకు ఆ ఏడాది ఏమీ నేర్పలేదు. 2004లో ఫలితాలు ప్రచురించారు. సంగీతం నేర్చినవాళ్ల ఐక్యూ మిగతావాళ్లకన్నా కొద్దిగా ఎక్కువ పెరిగింది. నాటకం నేర్చినవాళ్లకు ఐక్యూలో ప్రత్యేకమైన లాభం రాలేదు. అయితే నలుగురిలో మెలిగే తీరులో మాత్రం వాళ్లు మెరుగుపడ్డారు. సంగీతం జట్లలో ఆ మార్పు కనిపించలేదు. ఆ ప్రయోగం అసలు సంగీతం కోసం చేసింది. నాటకం జట్టును పోల్చి చూడటానికి మాత్రమే పెట్టుకున్నారు. అనుకోకుండా నాటకం తన విలువ చెప్పుకుంది.

2012లో అమెరికా పరిశోధకులు థాలియా గోల్డ్‌స్టీన్, ఎలెన్ విన్నర్ మరో అధ్యయనం ప్రచురించారు. విద్యా సంవత్సరంలో నటన నేర్చుకున్న పిల్లల్లో, ఇతర కళలు నేర్చుకున్నవాళ్లకన్నా, ఎదుటివారి బాధ తనదిగా తోచే గుణం ఎక్కువ పెరిగిందని వాళ్లు చూశారు. అందులోని పిల్లలు తక్కువమంది, పైగా తమ ఇష్టంతో నటన ఎంచుకున్నవాళ్లు. కాబట్టి దీన్ని తిరుగులేని రుజువుగా తీసుకోలేం. అయితే రెండు అధ్యయనాలూ చూపుతున్న దిక్కు ఒకటే. నాటకం ర్యాంకు తెచ్చిపెట్టే విద్య కాదు. మనుషుల మధ్య మసలడానికి పనికొచ్చే విద్య. ర్యాంకుల కోసం ఇన్ని కోచింగులు పెట్టుకున్న తెలుగు నేల, ఈ రెండోదానికి వారంలో ఒక గంట ఇవ్వలేకపోతుందా?

నిజానికి మనకిది కొత్త విద్య కాదు. ఆధునిక తెలుగు రంగస్థలం మొదలైందే పిల్లగాళ్ల చేత. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన ‘వ్యవహార ధర్మబోధిని’ని విద్యార్థుల చేత ఆడించారు. కోర్టులు, వకీళ్లు, లంచాల గుట్టు రట్టుచేసిన ప్రహసనమది. పంతులుగారు బడిపంతులు కూడా కావడంతో నటుల కోసం ఎక్కడో వెతుక్కోలేదు, బల్లల మీద కూర్చున్నవాళ్లనే లేపారు. లోకం తీరును పాఠంగా చెప్పడం ఒక ఎత్తు, లంచగొండిగా నిలబెట్టి వాళ్ల నోటితోనే పలికించడం ఒక ఎత్తు అని ఆయనకు తెలుసు. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 16న, ఆయన పుట్టినరోజున, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకొంటున్నాం. పూలదండలూ పురస్కారాలూ ఉంటాయి. ఆరోజు బడిపిల్లల చేత చిన్న నాటికైనా వేయించే ఊళ్లు ఎన్ని?

ఆ తర్వాత అయిదేళ్లకు, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సమాజం కుటుంబాలకు కుటుంబాలుగా నాటకాన్నే బతుకు చేసుకుంది. సురభి ఇళ్లలో పిల్లలు నాటకం నేర్చుకోవడానికి ఎక్కడికీ వెళ్లలేదు. చంకలో ఉండగానే బాలకృష్ణుడయ్యారు, నడక వచ్చాక ప్రహ్లాదుడో లవకుశులో అయ్యారు, తర్వాత తెర లాగారు, లైటు పట్టారు, సీను మార్చారు. ఒకే మనిషి ఇవాళ రాజు, రేపు ద్వారపాలకుడు, ఎల్లుండి టికెట్లు చింపేవాడు. వేషానికి ఉన్న హెచ్చుతగ్గులు మనిషికి లేవని వాళ్లకు వేరే ఎవరూ బోధించక్కరలేదు.

హరిశ్చంద్ర నాటకం ఆడిన ఊళ్లలో లోహితాస్యుడి వేషం వేసిన పిల్లలను ఒకసారి తలుచుకోవాలి. పాము కరిచి చనిపోయిన కొడుకుగా కాటి సీనులో కదలకుండా పడి ఉండాలి. తల్లి గుండెలు బాదుకుంటుంది, తండ్రి రాగాలాపన చేస్తాడు, జనం వన్స్‌మోర్ కొడతారు, పద్యం మళ్లీ మొదలవుతుంది. దోమలు కుడుతున్నా, ముక్కు దురద పెడుతున్నా చెయ్యి లేపకూడదు. ఎనిమిదేళ్లవాడికి ఒక్క డైలాగూ లేని ఆ సీనులో, పందిట్లోవాళ్ల ఏడుపంతా తన నిశ్చలత్వం మీద ఆధారపడి ఉందని తెలుసు. బాధ్యత అంటే ఏమిటో పిల్లవాడికి చెప్పడానికి ఇంతకన్నా సూటి మార్గం కనబడదు.

నాటకం వేయడానికి స్టేజీ కూడా అక్కర్లేదని చూపించినవాళ్లూ మనకున్నారు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి ఆకాశవాణి పిల్లల కార్యక్రమాల్లో, ఆంధ్ర బాలానంద సంఘంలో ఎన్నో ఏళ్లపాటు పిల్లలను మైకు ముందు నిలబెట్టి నాటికలు ఆడించారు. అక్కడ కిరీటం లేదు, రోజ్‌పౌడరు లేదు. గొంతు ఒక్కటే పెట్టుబడి. అలా మైకు ముందు బెరుకు పోగొట్టుకున్న పిల్లలు తర్వాత రకరకాల వృత్తుల్లోకి వెళ్లారు. అందరూ నటులు కాలేదు, కానవసరమూ లేదు.

తల్లిదండ్రులు సరిగ్గా ఇక్కడే ఒక అడుగు ముందుకో, వెనక్కో వేస్తారు. కొందరికి నాటకం క్లాసు సినిమాలకు, రియాలిటీ షోలకు దారి. పిల్ల రెండు డైలాగులు చెప్పగానే రీల్ తీసి పెట్టేస్తారు. లైకులు లెక్కపెట్టడం పిల్లకూ అలవాటవుతుంది. ఆ క్షణం నుంచి ఎదుటి పాత్ర చెప్పేది వినడం ఆగిపోతుంది, కెమెరా వంక చూడటం మొదలవుతుంది. ఇంకొందరికి నాటకమంటే చదువు చెడగొట్టే వ్యసనం. ఈ రెండు రకాలవాళ్లకూ చెప్పాల్సింది ఒకటే. లెక్కలు నేర్పేది పిల్లవాణ్ణి రామానుజన్‌ను చేయడానికి కాదుగదా, అంగట్లో చిల్లర లెక్కచూసుకోగలగాలని. నాటకమూ అంతే.

టీచర్లు జాగ్రత్తపడాల్సిన సంగతులూ ఉన్నాయి. నాటకం పిల్లలకు మంచి చేసినంత సులువుగా చెడూ చేయగలదు. తెల్లగా ఉన్న పిల్లే ఎప్పుడూ రాణి. నల్లగా, లావుగా ఉన్నవాడే ఎప్పుడూ రాక్షసుడు. డాక్టరుగారబ్బాయికి హీరో వేషం, అటెండరు కొడుక్కి జీతగాడి వేషం. ముష్టివాడి పాత్ర ఎవరికి ఇస్తే ఆ పేరు అతనికి పదో తరగతిదాకా అంటుకుంటుంది. పిల్లలు ఈ లెక్కలన్నీ ఇట్టే పసిగడతారు. ఏ వేషమూ ఎవరికీ రాసిపెట్టి లేదని తెలియాలంటే రిహార్సల్లో వేషాలు మార్చి మార్చి ఇవ్వాలి. ఇవాళ దొర అయినవాడు రేపు జీతగాడు కావాలి. రెండు వైపులా నిలబడి చూసినప్పుడే ఆ సీను అర్థమవుతుంది. ఆడపిల్ల న్యాయమూర్తిగా తీర్పు చెప్పాలి, మగపిల్లవాడు పొయ్యి ఊదాలి. ఇష్టంలేని పిల్లను స్టేజీ ఎక్కించి ఏడిపించడం ఎవరికీ మంచిది కాదు. గంటలు కొట్టడం, దుస్తులు మడతపెట్టడం, తెర వెనక నుంచి డైలాగు అందించడం, ఇవన్నీ నాటకంలో పనులే. తెర వెనక నిలబడి అందరి డైలాగులూ కంఠతా పట్టిన పిల్ల, ఒకరోజు ఎవరికో జ్వరమొస్తే తనంతట తానే ముందుకొస్తుంది.

భాష సంగతి మరొకటి. ఇంగ్లిషు మీడియం పిల్లలు తెలుగులో పుస్తకం చదవకపోవడం గురించి మనం చాలా బాధపడుతున్నాం. చదివించడానికి ముందు పలికించాలి కదా. ‘ఏంది లొల్లి’ అని ఒక పాత్ర, ‘ఏటి బావూ’ అని ఒక పాత్ర, ‘యాడికి పోతాండావు’ అని మరో పాత్ర పలికితే, తెలుగు ఎంత పెద్ద ఇల్లో పిల్లవాడికి నోటితో తెలుస్తుంది. ఏ యాసా నవ్వులాటకు కాదని కూడా తెలియాలి. దానికి టీచరు ముందు నవ్వకుండా ఉండాలి. విదేశాల్లో తెలుగు సంఘాల పండుగల్లో పిల్లల నాటికలకు అంత చోటు దొరకడానికీ కారణం ఇదే. అక్షరాలు దిద్దడానికి మొరాయించే పిల్లలు కూడా తెనాలి రామకృష్ణుడి వేషం ఇస్తామంటే నాలుగు పేజీల తెలుగు నోటికి పట్టేస్తారు.

ప్రభుత్వ పత్రాల్లో బడి నాటకానికి చోటు లేకపోలేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం నాటకం సహా కళలను పదో తరగతి వరకూ తప్పనిసరి చేయాలంది. 2020 జాతీయ విద్యావిధానం కళల ద్వారా పాఠాలు చెప్పాలంది. జాతీయ నాటక విద్యాలయం 1989లోనే పిల్లలతో పనిచేసేందుకు ప్రత్యేకంగా ఒక విభాగాన్ని ఏర్పాటు చేసింది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాల భవన్ ఉంది. నంది నాటకోత్సవాల్లో బాలల నాటికలకు పోటీలు పెట్టారు. కాగితం మీద కొరత లేదు, కొరతంతా టైంటేబుల్లో ఉంది. నగరాల్లో వేసవి వర్క్‌షాపులకు ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలకు నాటకం అందుతోంది. ముసలమ్మ వేషం వేసిన కుర్రాడికి మాత్రం టీచరు ఇష్టపడితే ఉంది, లేకపోతే లేదు.

దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. స్టాచ్యూ ఆట రాని తెలుగు పిల్లలు లేరు. స్టాచ్యూ అన్నచోట ఆగిపోయిన పిల్లలను ఒక్కొక్కరిగా ‘నువ్వెవరు, ఎక్కడున్నావు, చేతిలో ఏముంది’ అని అడుగుతూ పోతే అదే సీనవుతుంది. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరు కదిలినట్టే మరొకరు అద్దంలో నీడలా కదలమంటే క్లాసులో అల్లరి దానంతటదే సర్దుకుంటుంది. సాంఘిక శాస్త్రంలో ఉప్పు సత్యాగ్రహం పాఠానికి పోలీసు ఒకడు, సత్యాగ్రహి ఒకడు, ఇంట్లోంచి తొంగిచూస్తున్న వాడొకడు ఉంటే చాలు. ఆ మూడో వాడు ఏమనుకుంటున్నాడో చెప్పమంటే పాఠ్యపుస్తకంలో లేని ప్రశ్నలు పుట్టుకొస్తాయి. ఇక పరిషత్తు నాటకాల్లో జీవితం గడిపి ఇప్పుడు ఇళ్లలో కూర్చున్న నటులు, బుర్రకథ దళాలవాళ్లు, వీధి భాగవతులు, తోలుబొమ్మలాట కళాకారులు మన మండలాల్లోనే ఉన్నారు. వారానికి ఒకరోజు వాళ్లను బడికి పిలిచి, రానుపోను చార్జీలూ కొద్దిపాటి గౌరవ వేతనమూ ఇస్తే, వాళ్ల విద్యకూ వారసులు దొరుకుతారు.

జూన్‌లో బళ్లు తెరిచినప్పుడు ప్రతి హెడ్మాస్టరూ టైంటేబుల్ కాగితం ముందేసుకుంటారు. అందులో శనివారం చివరి పీరియడైనా సరే, ‘నాటకం’ అని రాయండి. దానికి మార్కులు వేయకండి, గ్రేడు ఇవ్వకండి, వీడియో తీయకండి. పిల్లలు తడబడనివ్వండి, మరిచిపోనివ్వండి, మధ్యలో నవ్వేసి మళ్లీ మొదలుపెట్టనివ్వండి. ముఖ్యంగా, సిలబస్ అవ్వలేదని లెక్కల మాస్టారు వచ్చి ఆ పీరియడ్ అప్పడిగితే మొహమాటపడి ఇవ్వకండి. డ్రిల్లు, డ్రాయింగు పీరియడ్లను ఆయన అప్పుగా తీసుకుని ఇప్పటివరకూ తీర్చలేదు.